ఓటు వేరైనా బల్ల ఒక్కటే



ఎన్నికల ప్రకటన వెలువడగానే ఊరి ముఖమే మారిపోతుంది. ఆటోలకు మైకులు ఎక్కుతాయి, ఇళ్లమీద జెండాలు లేస్తాయి, టీ కొట్టు దగ్గర మాటలు పెరుగుతాయి. ఆ గాలి మందిరపు గుమ్మం దగ్గర ఆగిపోదు. నిన్నటివరకు ఒకే చాపమీద కూర్చుని పాటలు పాడిన ఇద్దరు సహోదరులు నేడు వేర్వేరు కండువాలు వేసుకుంటారు. ఇందులో తప్పేమీ లేదు. అయితే కొద్దిరోజుల్లో మాటకు మాట పెరుగుతుంది. ఒకరి ఇంట్లో కూడిక పెడితే మరొకరు రావడం మానేస్తారు.

ఎన్నికలు ముగిసిపోతాయి. గెలిచినవారు రాజధానికి వెళ్లిపోతారు. ఈ ఇద్దరు సహోదరులు మాత్రం ఆదివారం ఉదయం అదే మందిరానికి రావాలి. ప్రభువు బల్ల దగ్గరకు ఒకరు లేచి వస్తుంటే రెండవవారు తల పక్కకు తిప్పుకుంటారు. ప్రియులారా, దీనికి మనం చెల్లిస్తున్న వెల ఎంతో ఎప్పుడైనా ఆలోచించామా?

అలాగైతే విశ్వాసులు రాజకీయాలు మాట్లాడకూడదా? అలా అనడానికి వాక్యంలో ఆధారం లేదు. చెరపట్టబడి బబులోనుకు వెళ్లిన ప్రజలకు సైతం, తామున్న పట్టణపు క్షేమం కోరమనీ దానికోసం ప్రార్థించమనీ దేవుడు యిర్మీయా ద్వారా చెప్పించాడు. పరాయి పట్టణం విషయంలోనే అలా చెబితే, మన సొంత ఊరి నీళ్లు, బడి, ఆసుపత్రి, రోడ్డు సంగతి మనకు పట్టకపోతే ఎలా? కాబట్టి మాట్లాడాలి. ఎలా మాట్లాడాలి అన్నదే ఈనాటి మన ధ్యానం. దీనికి సంఘ చరిత్రలోనుండి ఒక సంగతి మీ ముందుంచుతాను.

1774వ సంవత్సరం. ఇంగ్లండులోని బ్రిస్టల్ పట్టణం. పార్లమెంటు ఎన్నికలు వచ్చాయి. అప్పటికే అమెరికా వలసలకూ ఇంగ్లండుకూ మధ్య తగవు ముదిరింది. బ్రిస్టల్ ఓడరేవు పట్టణం గనుక ఆ తగవు అక్కడి వ్యాపారులకూ పనివారికీ కూటి సమస్య అయింది. ఓటర్లు సుమారు 5,000 మంది. ఎన్నుకోవలసినది ఇద్దరిని. ఆ ఎన్నికలో గెలిచినవారిలో ఒకరు ప్రసిద్ధ వక్త ఎడ్మండ్ బర్క్. మరొకరు న్యూయార్కులో పుట్టిన వ్యాపారి హెన్రీ క్రూగర్.

ఒక సంగతి గమనించండి. అప్పుడు రహస్య ఓటు లేదు. ఓటరు అందరి ఎదుట నిలబడి ఎవరికి ఓటు వేస్తున్నాడో నోటితో చెప్పాలి. గుమాస్తా పుస్తకంలో వ్రాసుకునేవాడు. ఆ పుస్తకాలను అచ్చువేసి అమ్మేవారు కూడా! పక్కింటివాడు ఎవరికి ఓటు వేశాడో ఊరంతా చదువుకోవచ్చు. బ్రిటనులో రహస్య ఓటు చట్టం 1872లో గాని రాలేదు. అటువంటి చోట సంఘంలోని ఇద్దరు సభ్యులు ఎదురెదురు పక్షాల్లో నిలబడితే దాచుకోవడానికి తావే లేదు.

మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ అక్టోబరు 6న ఆ పట్టణంలో తన సమాజంలో ఓటున్న వారిని పిలిచి మూడు సలహాలు ఇచ్చారు. తన దినచర్య పుస్తకంలో వాటిని వ్రాసి ఉంచుకున్నారు. మన తెలంగాణలో మెదక్ మహా దేవాలయాన్ని కట్టించిన వెస్లియన్ మిషనరీలు ఈయన పరంపరలోనివారే. ఆ మూడు సలహాల సారాన్ని ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది: డబ్బు గాని బహుమానం గాని పుచ్చుకోకుండా, తగినవాడని మీకు తోచినవానికే ఓటు వేయండి.

రెండువందల యాభై సంవత్సరాల తర్వాత కూడా ఈ మాట మన వీధికే చెప్పినట్టుంది కదూ! ఎన్నికల ముందు రాత్రి చేతిలో పెట్టే నోట్లు పేదవానికి రెండు మూడు రోజుల కూలి అని నాకు తెలుసు. "అది మన డబ్బే కదా అయ్యగారూ, పుచ్చుకుని నచ్చినవారికే వేస్తాం" అని చాలామంది అంటారు. అయితే లంచం కళ్లున్నవారి కళ్లను కూడా కప్పేస్తుందని నిర్గమకాండము 23వ అధ్యాయం హెచ్చరిస్తుంది. పుచ్చుకున్న తర్వాత మన తీర్పు మునుపటిలా స్వేచ్ఛగా ఉండదు. రేపు కాలువ తవ్వలేదని అడగబోతే, "నీకు ఇవ్వవలసింది ఇచ్చాం" అని ఒక్క మాటతో మన నోరు మూయిస్తారు. చట్టం కూడా ఇదే చెబుతుంది. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం, ఓటుకు లంచం ఇచ్చినవారితోపాటు పుచ్చుకున్నవారు కూడా నేరస్థులే. ఏడాదివరకు జైలుశిక్ష పడవచ్చు.

సంఘ పెద్దలారా, ఈ మాట మనకూ వర్తిస్తుంది. మందిరానికి ప్రహరీగోడ కట్టిస్తాం, మైకుసెట్టు ఇస్తాం, మీ సంఘం ఓట్లన్నీ మాకే వేయించండి అని ఎవరైనా వస్తే, అది కానుక కాదు, బేరం. మనది కాని దానిని మనం అమ్మలేము. విశ్వాసి ఓటు విశ్వాసిది. అది పాస్టరుదీ కాదు, పెద్దలదీ కాదు.

బ్రిస్టల్లో ఓటు హక్కు కొందరు పురుషులకే ఉండేది. మన దేశంలో 1951-52 నాటి మొదటి సార్వత్రిక ఎన్నికలలోనే వయస్సు వచ్చిన ప్రతి స్త్రీకి, ప్రతి పురుషునికి ఓటు దక్కింది. భూస్వామి ఓటు, ఆయన పొలంలో నాటు వేసే తల్లి ఓటు ఒకే బరువు తూగుతాయి. ఊరి బయట నిలబెట్టబడిన మన పితరుల చేతికి వచ్చిన ఈ హక్కును ఒక రాత్రి సంతకు పెట్టవచ్చా?

రెండవది: మీరు ఎవరికి ఓటు వేయలేదో ఆ మనిషిని గూర్చి చెడ్డ మాట మాట్లాడకండి.

ఇక్కడ కొంచెం వివరం అవసరం. విమర్శ వేరు, దూషణ వేరు. "ఈయన ఐదేళ్లు పదవిలో ఉన్నాడు, మా ఊరికి మంచినీళ్లు రాలేదు" అనడం విమర్శ. అది పౌరుని బాధ్యత. నాతాను ప్రవక్త దావీదు ముఖం మీదే అతని పాపం చెప్పాడు. అన్యాయాన్ని అన్యాయమని చెప్పే నోరు సంఘానికి ఉండాలి. కాని అభ్యర్థి కులం ఎత్తడం, ఇంటి ఆడవారిని వీధిలోకి లాగడం, రుజువు లేని నిందను పదిమందికి చేరవేయడం దూషణ. తొమ్మిదవ ఆజ్ఞ అబద్ధ సాక్ష్యాన్ని నిషేధించింది. ఎన్నికల నెలలో ఆ ఆజ్ఞకు సెలవు ఇవ్వబడలేదు.

ఈ దినాలలో ఒక బొమ్మనో, ఒక గొంతునో యంత్రం చేత తయారుచేయించి నిజమనిపించడం కష్టమైన పని కాదు. కనుక ఫోనులో వచ్చినదాన్ని మరొకరికి పంపేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది నిజమని నాకు తెలుసా? ఆ మనిషి నా ఎదుట కూర్చుంటే అతని ముఖం చూసి ఈ మాట అనగలనా? ఇదే మాట నా పార్టీ నాయకుని గూర్చి ఎవరైనా పంపితే నేను న్యాయమని ఒప్పుకుంటానా? ఈ మూడింటికీ అవునని చెప్పలేకపోతే ఆ సందేశం మీ దగ్గరే ఆగిపోనివ్వండి.

మూడవది: అవతలి పక్షానికి ఓటు వేసినవారి మీద మీ మనస్సులు పదునెక్కకుండా జాగ్రత్తపడండి.

మూడింటిలో కష్టమైనది ఇదే అని నేను అనుకుంటాను. మొదటి సలహా చేతికి సంబంధించినది, రెండవది నాలుకకు సంబంధించినది, మూడవది హృదయానికి సంబంధించినది. రూపాయి ముట్టకుండా, ఒక్క బూతుమాట అనకుండా కూడా పక్కవాని మీద లోపల కత్తి నూరుకోవచ్చు. "వాడు ఆ పార్టీవాడు, వాడికి భక్తి ఎక్కడిది?" అనుకున్న నాడే కత్తికి పదును వచ్చినట్టు.

ప్రియులారా, మీ సహోదరుడు వేరుగా ఎందుకు ఆలోచిస్తున్నాడో ఎప్పుడైనా అడిగారా? ఒక విధవరాలికి నెలనెలా వచ్చే పింఛనే ప్రాణాధారం. డిగ్రీ పూర్తిచేసిన ఆమె మనుమడికి కావలసింది ఉద్యోగం. రైతు కాలువ నీళ్లు చూస్తాడు. మరొక సహోదరుని మనస్సులో 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఉంటుంది. ఆ ఉత్తర్వు వలన క్రైస్తవుడైన దళితునికి షెడ్యూల్డు కులాల హోదా లేదు. మన రాష్ట్రాలలో బి.సి.-సి. కింద ఒక్క శాతం రిజర్వేషను మాత్రమే ఉంది. అతడు ఆ గాయాన్ని బట్టి ఓటు వేస్తాడు. నలుగురూ దేవునికి భయపడేవారే. తూకంలో వేసిన వస్తువులు వేరు గనుక ముల్లు వేర్వేరు వైపులకు మొగ్గింది. దానిని అవిశ్వాసమని ఎలా అంటాం?

రోమీయులకు వ్రాసిన పత్రిక 14వ అధ్యాయం చదవండి. అక్కడి సంఘంలో భోజనం గూర్చీ దినాల గూర్చీ భేదాభిప్రాయాలు వచ్చాయి. పౌలుకు సొంత అభిప్రాయం లేకపోలేదు. ఏ పదార్థమూ దానంతటదే అపవిత్రం కాదని తన మనస్సు స్పష్టంగానే చెప్పాడు. అయినా ఆ అభిప్రాయాన్ని సంఘానికి తలుపుగా బిగించలేదు. ప్రతివాడూ తన మనస్సులో నిశ్చయత కలిగి ఉండాలన్నాడు, అలాగే ఒకరినొకరు చేర్చుకోవాలన్నాడు. ఈ రెండూ కలిసి ఉండాలి.

ఇంత మంచి సలహా ఇచ్చిన వెస్లీకి తర్వాత ఏమైందో కూడా చెప్పాలి. మరుసటి సంవత్సరమే, 1775లో, ఆయన అమెరికా వలసలవారిని ఉద్దేశించి, రాజుగారి ప్రభుత్వాన్ని సమర్థిస్తూ ఒక కరపత్రం అచ్చువేయించారు. శాంతంగా చెబుతున్నానని పేరులోనే పెట్టారు గాని, అది శాంతి పుట్టించలేదు. బ్రిస్టల్లోని బాప్తిస్టు బోధకుడు కేలబ్ ఎవాన్స్ ఘాటుగా జవాబు వ్రాశారు. సముద్రానికి ఆవల అమెరికాలో మెథడిస్టులందరినీ రాజపక్షంవారని అనుమానించసాగారు. వెస్లీ పంపిన ఇంగ్లీషు బోధకులు ఒక్కొక్కరే తిరిగివెళ్లిపోయారు. ఫ్రాన్సిస్ ఆస్బరీ నిలిచిపోయారు. వెస్లీ ఆ రాజకీయాలలో తల దూర్చకుండా ఉండవలసిందని ఆయన బాధపడ్డారు. వెస్లీ అభిప్రాయం సరైనదా కాదా అన్నది పక్కన పెట్టండి. కాపరి పార్టీ పక్షాన మాట్లాడితే ఆ మాట ఆయన ఒక్కరి మాటగా మిగలదు. మందలోని గొర్రెలన్నిటి మీదా ఆ ముద్ర పడుతుంది.

అందుచేతనే ప్రసంగ వేదికను ఏ అభ్యర్థి చేతికీ ఇవ్వకూడదు. ఎన్నికల ప్రవర్తనా నియమావళి కూడా మసీదులు, చర్చిలు, దేవాలయాలు మొదలైన ఆరాధనా స్థలాలను ప్రచారానికి వాడరాదంటుంది. మతం పేరుతో ఓటు అడగడం ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం అక్రమం. 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఓటరు మతాన్ని చూపి అడగడం కూడా ఇందులోకే వస్తుందని తీర్పిచ్చింది. అభ్యర్థి ఆరాధనకు వస్తే అందరితోపాటు కూర్చోనివ్వండి. ప్రార్థన కోరితే అందరి కోసం చేసినట్టే చేయండి. రేపు ఆయన ప్రత్యర్థి వచ్చినా అదే ప్రార్థన, అదే కుర్చీ.

ప్రియులారా, మన ప్రభువు ఏర్పరచుకొనిన పన్నెండుమంది జాబితాను చూడండి. మత్తయి ఉన్నాడు, సుంకరి. ప్రభుత్వం పక్షాన ప్రజలదగ్గర సుంకం వసూలు చేసినవాడు. అదే జాబితాలో జెలోతే అనబడిన సీమోను ఉన్నాడు. ఆ పేరుకు ఆసక్తిపరుడని అర్థం. అతడు రోమా ప్రభుత్వాన్ని ఎదిరించిన గుంపువాడని కొందరు పండితులంటారు. ధర్మశాస్త్రమందు ఆసక్తిగలవాడని మాత్రమే మరికొందరంటారు. ఏది నిజమైనా, సుంకరితో కలిసి రొట్టె విరవడం అతనికి సులువైన పని అయి ఉండదు. ప్రభువు ఆ ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఒకడు రెండవవానివలె మారిన తర్వాతే రమ్మని చెప్పలేదు. ఇద్దరూ తనను వెంబడించాలని చెప్పాడు.

ఇంటికి తీసుకువెళ్లడానికి రెండు మాటలు చెప్పి ముగిస్తాను. బ్రిస్టల్ విశ్వాసులకు లేని మేలు మనకుంది. మన ఓటు రహస్యం. ఎవరికి వేశావని ఎవరు అడిగినా చెప్పనవసరం లేదు. మీరూ ఎవరినీ గుచ్చి గుచ్చి అడగకండి. ఫలితాలు వచ్చిన రోజున మీ పక్షం గెలిస్తే, ఓడినవారి ఇంటి ముందు టపాసులు కాల్చకండి. మీ పక్షం ఓడితే, ఆ ఆదివారం ఆరాధన మానకండి. ఈపాటికే మాట పోయినవారు ఉంటే, కానుక బలిపీఠం దగ్గర విడిచి ముందు సహోదరునితో సమాధానపడమన్న ప్రభువు మాట జ్ఞాపకం చేసుకుని, పోలింగుకు ముందే అతని గుమ్మం తొక్కండి. ఓటు మార్చుకోమని అడగడానికి కాదు, మంచినీళ్లు అడిగి తాగడానికి.

ప్రార్థించుకుందాం. పరలోకమందున్న మా తండ్రీ, మమ్మును పాలించేవారి కోసం, పాలించ గోరేవారి కోసం నీ సన్నిధిలో వేడుకుంటున్నాము. మా చేతులను లంచమునుండి, మా నాలుకలను అబద్ధమునుండి, మా హృదయములను ద్వేషమునుండి కాపాడుము. మాతో ఏకీభవించని సహోదరుని నీవు కొన్న వెలను మరువకుండునట్లు మాకు సహాయము చేయుము. యేసు నామములో వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.