అడవి పక్క ఊళ్లో కలప కొనాలంటే

సింగరేణి ఉద్యోగానికి కొత్తగూడెం, థర్మల్ కేంద్రానికి పాల్వంచ, భారజల కర్మాగారానికి అశ్వాపురం, కాగితం మిల్లుకు సారపాక. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ఉన్న ఈ ఊళ్లకు బదిలీల మీద మనుషులు వస్తూనే ఉంటారు. వాళ్లలో చెక్కపని సరదా ఉన్నవాళ్లూ ఉంటారు. ఒక బల్లో, పుస్తకాల బీరువానో సొంతంగా చేసుకోవాలని ఉంటుంది. చుట్టూ అడవే కదా, కలపకేం కొదవ అనుకుంటారు. కానీ అడవి పక్కనున్న ఊళ్లో కలప కొనడానికే జాగ్రత్త ఎక్కువ కావాలి.

బస్సు కిటికీలోంచి కనిపించే తోటల్ని చూసి మోసపోకండి. బారులు తీరి నిటారుగా నిలబడ్డవి చాలామటుకు జామాయిల్, సుబాబుల్. సారపాక మిల్లు 1979లో ఉత్పత్తి మొదలుపెట్టింది. దాని గుజ్జు కోసమే చుట్టుపక్కల రైతులు వీటిని వేస్తున్నారు. అటవీ అభివృద్ధి సంస్థకూ ఈ ప్రాంతంలో జామాయిల్ తోటలున్నాయి. జామాయిల్ వాసాలకు, సెంట్రింగ్ గుంజలకు పనికొస్తుంది. పలకలుగా కోస్తే మాత్రం ఆరేటప్పుడు మెలి తిరుగుతుంది, కొసలు చీలుతాయి. బల్ల చేసుకునేవాడికి దానితో లాభం లేదు.

మరి టేకు? అడవిలో ఉంది, డిపోల్లోనూ ఉంది. అటవీ శాఖ తన డిపోల్లో కలపను లాట్లుగా పేర్చి వేలం వేస్తుంది. అది వ్యాపారులకు కుదిరే బేరం. నాలుగు పలకలు కావలసినవాడు ఆ వేలానికి వెళ్లి చేసేదేమీ లేదు. ఆ కలప అక్కడి నుంచి అడితికి చేరాకే మన చేతికి వస్తుంది. సొంత పట్టా భూమిలో పెంచిన టేకైనా సరే, కొట్టడానికి, తరలించడానికి అనుమతి కావాలి. చెట్లు కొట్టే సంగతి 2002 నాటి వాల్టా చట్టం చూస్తుంది, రవాణాకు అటవీ శాఖ పర్మిట్ ఉండాలి. దుంగ మీద శాఖవారి సుత్తి ముద్ర పడాలి. అడితిలో దుంగ కొసను ఒకసారి వంగి చూడండి. అక్కడ కొట్టిన గుర్తు, అంకెలు కనిపిస్తాయి. దుంగ ఎక్కడ పుట్టిందో, ఎవరి అనుమతితో వచ్చిందో చెప్పేవి అవే.

దుంగల్ని పలకలుగా కోసే సామిల్లులు ఈ ఊళ్లలో తక్కువ. దానికీ ఓ కథ ఉంది. నీలగిరి అడవుల నరికివేత మీద గోదావర్మన్ తిరుముల్పాడ్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12న ఇచ్చిన ఉత్తర్వు దేశమంతటా మిల్లుల మీద పడింది. కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా అడవుల్లో నడుస్తున్న సామిల్లులు ఆగిపోయాయి. 2002లో కోర్టు, కేంద్ర సాధికార కమిటీ అనుమతి లేనిదే ఏ రాష్ట్రమూ కొత్త మిల్లుకు లైసెన్సు ఇవ్వకూడదంది. 2016లో వచ్చిన మార్గదర్శకాలతో ఆ నిర్ణయం రాష్ట్ర స్థాయి కమిటీలకు చేరింది. అందుకే మిల్లు పెట్టడం కిరాణా కొట్టు పెట్టినంత సులువు కాదు. ఉన్న కొద్దిపాటివి ఎక్కడున్నాయో మాత్రం ఊళ్లో ఏ ఆటోవాలాను అడిగినా చెబుతాడు.

కొత్తగా వచ్చినవాళ్లు ముందుగా అడితికి పరుగెత్తుతారు. నా మాట వింటే ముందు రందా మిషన్ దగ్గరికి వెళ్లండి. చెక్కను నున్నగా చిత్రిక పట్టే యంత్రం, పక్కన గుండ్రటి రంపం, గాడి కోసే మిషన్, ఓ రేకుల షెడ్డు. ప్రతి పట్టణంలోనూ ఇలాంటివి ఉంటాయి. ఊళ్లో వడ్రంగులంతా తమ చెక్కను ఇక్కడికే తెచ్చుకుని, కూలి ఇచ్చి పని చేయించుకుపోతారు. పెద్ద నగరాల్లో సభ్యత్వం కట్టి వాడుకునే ఉమ్మడి వర్క్‌షాపులు వచ్చాయి. హైదరాబాద్‌లో 2023 మార్చిలో మొదలైన టీ-వర్క్స్‌లో అలాంటి సౌకర్యాలున్నాయి. ఆస్ట్రేలియాలో 1990ల నుంచి రిటైరైన మగవాళ్ల కోసం మెన్స్ షెడ్‌లు నడుస్తున్నాయి. మనకు ఆ ఉమ్మడి షెడ్డు ఎప్పటి నుంచో రందా మిషన్ రూపంలో ఉంది, పేరే లేదు. తేడా ఒక్కటి: అక్కడ యంత్రం మీరే నడుపుతారు, ఇక్కడ మిషన్ వాడే నడుపుతాడు. మీ వేళ్లకు అదే మంచిది కూడా.

రందా మిషన్ దగ్గర ఓ గంట నిలబడితే చాలు. ఏ అడితిలో ఆరిన సరుకుంది, ఏ మేస్త్రీ చేయి శుభ్రం, ఎవరు పచ్చి చెక్క అంటగడతారు, అన్నీ చెవిన పడతాయి. అమావాస్య నాడు మాత్రం వెళ్లకండి. చాలామంది వడ్రంగులకు అది సెలవు. పాత ఇంటి దూలాలు, తలుపులు కొని కోయిద్దామనుకుంటే, మేకులన్నీ మీరే ఏరి తీసుకెళ్లండి. మిషన్ మేస్త్రీ చెక్క మీద అరచేత్తో రుద్ది తడిమి చూస్తాడు, అయినా లోపల విరిగి మిగిలిన మేకు కనిపించదు. అది తగిలితే బ్లేడు పళ్లు పోతాయి. అందుకే పాత చెక్కను కొందరు ముట్టరు. నిజానికి పాత ఇళ్ల టేకంత బాగా ఆరిన కలప కొత్త అడితిలో దొరకదు.

ఇక లెక్క. అడితిలో కలప బేరమంతా ఘనపుటడుగుల్లోనే. దుంగకు నడిమిన తాడు చుట్టి చుట్టుకొలత తీస్తారు, దాన్ని నాలుగో వంతు చేసి వర్గం కట్టి పొడవుతో గుణిస్తారు. చుట్టుకొలత 48 అంగుళాలు, పొడవు 10 అడుగులు అనుకోండి. నాలుగో వంతు 12 అంగుళాలు, అంటే ఒక అడుగు. లెక్క 10 ఘనపుటడుగులు. అచ్చమైన గుండ్రటి దుంగ అసలు పరిమాణం 12.7 దాకా ఉంటుంది. బెరడు, పక్క చెక్కలు, పొట్టు కింద పోయేదానికి కొనేవాడికి ఇచ్చిన వెసులుబాటు అది. కోసిన చెక్కకు వెడల్పు, మందం అంగుళాల్లో, పొడవు అడుగుల్లో తీసుకుని గుణించి 144తో భాగిస్తారు. 5 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందమున్న చెక్కతో దర్వాజా చట్రం చేయాలంటే, 7 అడుగుల నిలువులు రెండు, 3.5 అడుగుల అడ్డాలు రెండు కావాలి. మొత్తం 21 అడుగులు, అంటే సుమారు 2.2 ఘనపుటడుగులు. ఈ లెక్క మీకు వచ్చని తెలిస్తే అడితి గుమస్తా మాటతీరే మారుతుంది.

రకాల విషయానికొస్తే, చట్రాలకు నల్లమద్ది, ఏగిస మంచివి, గట్టివి. నల్లమద్ది బరువెక్కువ, తొందరపడి ఆరబెడితే పగులుతుంది. పనిముట్ల పిడులకు తుమ్మను మించింది లేదు. బర్మా టేకు అని చెబితే నవ్వి ఊరుకోండి. మయన్మార్ 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతి ఆపేసింది. ఆ పేరుతో అమ్మేది చాలాసార్లు ఆఫ్రికా సరుకు. అది చెడ్డదని కాదు, ధర మాత్రం దాని పేరు మీదే అడగండి.

ఏ రకమైనా, ఆరిందా లేదా అన్నదే అసలు ప్రశ్న. గోదావరి పక్కన వానాకాలంలో చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, మే నెలలో కుంచించుకుపోతుంది. ఈ కదలిక వెడల్పులోనే, పొడవులో దాదాపు ఉండదు. అందుకే వెడల్పు పలకను గట్టిగా బిగించేస్తే అది చీలి ఊరుకుంటుంది. చిన్న ముక్కను తీసుకుని వారానికోసారి వంటింటి త్రాసులో తూచండి. బరువు తగ్గుతోందంటే ఇంకా పచ్చిగా ఉన్నట్టే. పలకల మధ్య సన్నటి బద్దలు పెట్టి, నీడలో గాలి ఆడేలా పేర్చి, కొసలకు రంగు పూసి ఉంచండి.

ఈ అడవి పక్క ఊళ్ల విషయంలో మరో మాట చెప్పాలి. రాత్రివేళ ఎవరో వచ్చి మంచి టేకు సగం ధరకు ఇస్తానంటే, బండితో సహా పట్టుబడేది మీరే. చట్టం అడవి కలపనే కాదు, దాన్ని మోసిన వాహనాన్నీ జప్తు చేయనిస్తుంది. బిల్లు, పర్మిట్ నకలు అడగండి. బల్ల తయారయ్యాక కూడా ఆ కాగితాలు దాచండి. మళ్లీ బదిలీ అయి సామాను లారీ చెక్‌పోస్టు దగ్గర ఆగినప్పుడు అవి అక్కరకొస్తాయి.

రందా మిషన్ తీర్చలేని కొరత ఒకటుంది. నేర్చుకునేవాడికి అక్కడ పనిబల్ల దొరకదు, ఉలి పట్టి చూపించే తీరికా మేస్త్రీకి ఉండదు. అద్దె ఇళ్లలో, క్వార్టర్లలో సుత్తి మోగిస్తే పక్కింటివాళ్లు ఊరుకోరు. ఈ దారి పొడవునా పెద్ద టౌన్‌షిప్‌లున్నాయి. వాటి క్లబ్బుల్లో షటిల్ కోర్టుకు చోటున్నప్పుడు, రెండు పనిబల్లలు, ఓ వైస్, కొన్ని ఉలులు పెట్టే రేకుల షెడ్డుకూ చోటుంటుంది. రిటైరైన ఊరి వడ్రంగి ఒకరిని సాయంత్రాలు గౌరవ వేతనం మీద కూర్చోబెట్టినా చాలు. సంక్షేమ సంఘాలవారు వచ్చే సమావేశంలో ఈ సంగతి ఒకసారి చర్చకు పెట్టాలని నా మనవి.