వంత పాడిన ముగ్గురు

బుర్రకథ చూచినవారికి వంతల సంగతి వేరే చెప్పనక్కరలేదు. కథకుడు ఎంత ఘనుడైనా, ఇరుప్రక్కల డక్కీలు పట్టిన ఆ ఇద్దరూ వంత అందుకోకపోతే కథ రక్తికట్టదు. అయినా తెల్లవారి ఊరివారు చెప్పుకొనేది కథకుని పేరే. అమెరికా దేశంలో పాట రికార్డుల చరిత్ర చదువుతూంటే అక్కడా ఇదే వరస కనబడింది.

మోటారు కార్ల తయారీకి పేరుబడ్డ డెట్రాయిట్ నగరంలో బెర్రీ గోర్డీ అనే నీగ్రో యువకుడు 1959లో ఇంటివారి వద్ద 800 డాలర్లు అప్పు తీసుకొని రికార్డుల కంపెనీ పెట్టాడు. అదే తరువాత మోటౌన్‌గా ప్రసిద్ధికెక్కింది. నల్లజాతివారి చర్చి గానం నుండి ఎదిగిన 'సోల్' పాటలను ఆ కంపెనీ దేశదేశాల వినిపించింది.

ఆ కంపెనీలో జాకీ హిక్స్, మార్లీన్ బారో, లువేన్ డెంప్స్ అనే ముగ్గురు స్త్రీలు వంతపాటకు ఉండేవారు. వారి బృందం పేరు 'ఆండాంటీస్'. లువేన్‌ది పై స్థాయి, జాకీది క్రింది స్థాయి, మార్లీన్‌ది నడుమ. ముగ్గురూ కలిస్తే ఒకే గొంతు వలె వినిపించేది. 1964లో మేరీ వెల్స్ పాడిన 'మై గై'లోనూ, 1966లో ఫోర్ టాప్స్ అనే నలుగురు పురుషుల 'రీచ్ అవుట్'లోనూ వెనుక వినిపించే స్త్రీ కంఠాలు వీరివే. ఇటువంటి రికార్డులు వందలకొద్దీ ఉన్నాయి.

చిత్రమేమంటే, 1968లో అమెరికాలో ప్రథమ స్థానం పొందిన 'లవ్ చైల్డ్' రికార్డుపై డయానా రాస్, సుప్రీమ్స్ అని ఉంటుంది. డయానా వెనుక పాడినది మాత్రం సుప్రీమ్స్‌లోని తక్కిన ఇద్దరూ కారు, ఈ ఆండాంటీసే! అంతకు ముందు సంవత్సరం సుప్రీమ్స్‌లో ఒకామె రాలేనప్పుడు మార్లీన్ ఆమె స్థానంలో వేదిక ఎక్కి పాడింది కూడ. తమ సొంత పేరుతో 1964లో ఒక్క చిన్న రికార్డు వెలువడింది గాని దానికి ప్రచారం జరగలేదు. 1972లో కంపెనీ లాస్ ఏంజెలెస్‌కు తరలిపోగా వీరు డెట్రాయిట్‌లోనే ఉండిపోయారు.

ఉత్తరం తయారుచేసేది గుమాస్తా, సంతకం దొరగారిది. అటువంటి కొలువులో ఏళ్లు గడిపినవాణ్ణి గనుక వీరిపై నాకు కొంత పక్షపాతం ఉంటే పాఠకులు మన్నింతురు గాక. సంతకం చేసేవారిని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. డయానా గొప్ప గాయనే. కాని వినేవారు ఆనందించినది నాలుగు గొంతులను, తెలుసుకొన్నది ఒక్క పేరును.

మన సినిమా రికార్డులపైనా 'బృందం' అనే మాట చూస్తూనే ఉన్నాం. ఆ బృందంలో ఎవరున్నారో మనలో ఎందరికి తెలుసు? వారి సంగతి మన చేతిలో లేదు. మన సంఘం ఉగాది కార్యక్రమాల కరపత్రం మన చేతిలోనిదే గదా! ఈసారి వంత పాడే పిల్లల పేర్లు కూడ వరుసగా అచ్చు వేయిద్దాం. నాలుగు పంక్తులు పెరుగుతాయి, అంతే.