రోజుకు యాభై షిల్లింగులు

ఆఫ్రికా యువత ప్రస్తావన వస్తే చాలు, వాళ్లలో వ్యాపార దృష్టి పెంచాలని సభల్లో పెద్దలు అంటుంటారు. కెన్యా రాజధాని నైరోబీ బజారు చూసినవాళ్లకు ఈ మాట వింతగా తోస్తుంది. బోడా బోడా అనే మోటార్‌సైకిల్ టాక్సీ నడిపే కుర్రాడు, ఫోన్లు బాగుచేసేవాడు, విదేశాల నుంచి మూటల్లో దిగే పాత బట్టలు అమ్మే అమ్మాయి, అందరూ సొంత వ్యాపారులే. చాలామందికి వేరే దారి లేక. ఆఫ్రికా ఖండంలో ఏటా కోటి నుంచి కోటీ ఇరవై లక్షల మంది యువత పని వెతుక్కుంటూ బయలుదేరుతుంటే, కొత్తగా పుట్టే నికరమైన ఉద్యోగాలు 30 లక్షలకు అటూఇటూగానే ఉంటాయని ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు లెక్క.

కాబట్టి కొరత చొరవలో లేదు. వాళ్ల సంపాదన ఏ రోజుకారోజు చిల్లరగా వస్తుంది. బతుకు మార్చే వస్తువు మాత్రం మొత్తం డబ్బు ఒక్కసారే పెట్టమంటుంది. బ్యాంకు అప్పు ఇవ్వాలంటే తాకట్టు అడుగుతుంది. కెన్యాలో ఈ చిక్కుకు దొరికిన విరుగుడును కాస్త నిదానంగా చూడాలి.

2007 మార్చిలో అక్కడి సఫారీకామ్ సంస్థ ఎం-పెసా అనే సేవ మొదలుపెట్టింది. బ్యాంకు ఖాతా అక్కర్లేదు, బటన్ల ఫోన్ చాలు. వీధి చివర కొట్లో ఏజెంటుకు నోటిస్తే ఆ మొత్తం ఫోన్లో పడుతుంది, అక్కడి నుంచి మెసేజితో పల్లెలోని అమ్మకు చేరుతుంది. మన యూపీఐ వచ్చింది 2016లో, అదీ బ్యాంకు ఖాతా ఉన్నవాళ్లకు. ఎం-పెసా తెచ్చిన అసలు మార్పు, యాభై కెన్యా షిల్లింగుల వంటి చిన్న మొత్తాన్ని పెద్ద ఖర్చు లేకుండా వసూలు చేయడం కుదరడమే.

ఈ పునాది మీదే 2012లో ఎం-కోపా అనే సంస్థ అమ్మకాలు మొదలయ్యాయి. ఎం-పెసాకు రూపమిచ్చినవాళ్లలో ఒకరైన నిక్ హ్యూస్ ఈ సంస్థ వ్యవస్థాపకుల్లోనూ ఉన్నారు. సరుకు చిన్నదే: ఎనిమిది వాట్ల సోలార్ పలక, బ్యాటరీ పెట్టె, కొన్ని ఎల్ఈడీ దీపాలు, ఫోన్ ఛార్జింగు తీగ, రేడియో. 2015 ప్రాంతంలో ముందుగా 35 డాలర్లకు దగ్గరగా కట్టి, ఆపైన ఏడాదిపాటు రోజుకు 50 షిల్లింగులు కట్టాల్సి ఉండేది. అప్పటి మారకంలో రోజుకు 32 రూపాయలన్నమాట. కిరోసిన్‌కు, ఊరి కొట్లో ఫోన్ ఛార్జింగుకు ఆ ఇంట్లో ఎలాగూ డబ్బు పోతూనే ఉంటుంది, దాన్నే ఇటు మళ్లించారు.

కట్టకపోతే? మన కూరగాయల మార్కెట్లలో పొద్దుగూకే వేళ బండి మీద వచ్చి, కార్డులో సంతకం పెట్టి డబ్బు పట్టుకెళ్లే డైలీ ఫైనాన్స్ మనిషి తెలుసు కదా. ఇక్కడ అతని పని పెట్టెలో ఉన్న సిమ్ చేస్తుంది. వాయిదా అందితే దీపం వెలుగుతుంది, అందకపోతే కంపెనీ దూరం నుంచే ఆపేస్తుంది. గుమ్మంలో తగాదా లేదు, తాకట్టుగా పొలం కాగితమూ లేదు. వాయిదాలన్నీ తీరాక ఆ పెట్టె ఇంటివాళ్ల సొంతం. సక్రమంగా కట్టినవాళ్లకు ఆ చరిత్రే పరపతి అవుతుంది, దాన్ని చూపి తర్వాతి అప్పు తెచ్చుకోవచ్చు.

మెచ్చుకోవాల్సిన ఉపాయమే, కానీ ఇది దానం కాదు. ముందు కట్టినదీ వాయిదాలూ కలిపితే ఆనాటి రూపాయల్లో పద్నాలుగు వేల దాకా తేలుతుంది. పేదవాడు వెలుతురుకు కలిగినవాడికన్నా ఎక్కువ ధర చెల్లించడం ఇక్కడా తప్పలేదు. ఎం-కోపా ఇప్పుడు స్మార్ట్‌ఫోన్లు కూడా ఇదే పద్ధతిలో అమ్ముతోంది. దీపం ఆగితే ఇల్లు చీకటవుతుంది. వాయిదా తప్పి ఫోన్‌కు తాళం పడితే ఆర్డర్లు, గిరాకీ, చెల్లింపులు అన్నీ అందులోనే ఉన్న కుర్రాడికి దుకాణమే మూతపడినట్టు. జబ్బుపడి వారం పని పోగొట్టుకున్నవాడికి ఎన్నాళ్ల గడువు ఇవ్వాలన్నది కంపెనీ దయకు వదిలేసే సంగతి కాదని నా అభిప్రాయం.

ఇంకో పరిమితి ఉంది. ఎనిమిది వాట్లతో పిల్లలు చదువుకోగలరు, వెల్డింగు మెషీను మాత్రం తిరగదు. పిండిమర, ఫ్రిజ్, కుట్టు మోటారు నడవాలంటే గట్టి కరెంటు కావాలి. నైజీరియాను చూడండి. జనాభా 20 కోట్లు దాటిన ఆ దేశంలో గ్రిడ్ నుంచి వాస్తవంగా అందేది నాలుగైదు వేల మెగావాట్లే. ఒక్క తెలంగాణలోనే గరిష్ఠ డిమాండు 15 వేల మెగావాట్లు దాటిన రోజులున్నాయి. అందుకే అక్కడి లేగోస్ నగరంలో మంగలి కొట్టుకూ సొంత జనరేటరు ఉంటుంది. 2023 మేలో పెట్రోలు సబ్సిడీ ఎత్తేయడంతో ధర రెట్టింపును దాటింది, చిన్న కొట్ల లాభమంతా జనరేటరు ట్యాంకులోకే పోయింది.

కొద్దికొద్దిగా కట్టే సూత్రం సంపాదించే యంత్రానికి అతికినచోట ఫలితం ఇంకా బాగుంది. రువాండా రాజధాని కిగాలీలో 2019 నుంచి ఆంపర్‌శాండ్ సంస్థ కరెంటు మోటార్‌సైకిళ్లను టాక్సీవాళ్లకు అందిస్తోంది. బ్యాటరీ కొనక్కర్లేదు. ఛార్జి అయిపోతే కేంద్రానికి వెళ్లి నిమిషాల్లో నిండుది మార్చుకోవాలి, వాడిన శక్తికే డబ్బు. పెట్రోలుపై మిగిలేది రోజూ జేబులో కనబడుతుంది.

శిక్షణ పనికిరాదని కాదు, ఏం నేర్పుతున్నారన్నది ముఖ్యం. టోగో రాజధాని లోమేలో 1,500 మంది చిన్న వ్యాపారుల మీద జరిగిన ప్రయోగం ఫలితాలు 2017లో సైన్స్ పత్రికలో వచ్చాయి. పద్దులు, మార్కెటింగు నేర్చినవాళ్ల లాభం కచ్చితంగా పెరిగిందని చెప్పడానికి వీల్లేకపోయింది. పక్క కొట్టుకు భిన్నంగా ఏం చేయాలో ముందే ఆలోచించడం, అడ్డంకి వస్తే వదలకపోవడం సాధన చేసినవాళ్ల లాభం మాత్రం 30 శాతం పెరిగింది. ఈ ఆలోచన తెలుగు నేలకు కొత్త కాదు. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలండ్ 1964లో కాకినాడ వ్యాపారులకు హైదరాబాదు సంస్థ ద్వారా ఇలాంటి శిక్షణే ఇప్పించారు. యూసుఫ్‌గూడలోని ఆ సంస్థే ఇప్పుడు నిమ్స్‌మే అనే జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థ.

అయితే లోమే వ్యాపారులకు అప్పటికే నడుస్తున్న కొట్లున్నాయి. ఇంకా కొట్టే పెట్టుకోనివాళ్లకు వస్తువు ఏ ధరకు, ఎలాంటి వాయిదాలకు దొరుకుతుందన్నదే మొదటి ప్రశ్న, అందులో ప్రభుత్వం వేసే పన్నుకూ వాటా ఉంది. కెన్యా సోలార్ సరుకుపై 2014లో వ్యాట్ తీసేసింది, 2020లో మళ్లీ వేసింది, మరుసటి ఏడాది మళ్లీ తీసేసింది. పన్ను ఉన్న కాలంలో ఆ భారం చివరికి చేరింది రోజువాయిదా కట్టే ఇంటికే.