సెలవు రోజు సముద్రం దగ్గర: తక్కువ ఖర్చుతో చూడదగ్గవి

ఈ వారం ఎపిసోడ్ విన్నవాళ్ళకు విషయం తెలుసు. నెట్ సరిగ్గా రాక వినలేకపోయినవాళ్ళ కోసం, ఊళ్ళ పేర్లూ ఫోన్ నంబర్లూ రాసిపెట్టుకోవాలనుకునేవాళ్ళ కోసం, మాట్లాడిన విషయాన్నే ఇక్కడ కాస్త కుదురుగా రాస్తున్నాను.

మనోళ్ళలో చాలామంది పుట్టింది సముద్రం లేని చోట. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కడప. విమానం కిటికీలోంచి సముద్రం చూస్తూ దిగుతాం. ఆ తర్వాత క్యాంపు, బస్సు, సైటు. అంతే. రెండేళ్ళ కాంట్రాక్టు అయిపోయేదాకా ఒక్కసారి కూడా నీళ్ళలో కాలు పెట్టనివాళ్ళు నాకు చాలామంది తెలుసు. ఎందుకన్నా అంటే రెండే మాటలు చెప్తారు: "డబ్బులు దండగ", "అది మన జాగా కాదు".

రెండో మాట సంగతి ముందు చూద్దాం. వారానికి కనీసం ఒక రోజు జీతంతో కూడిన సెలవు మీ హక్కు. 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టం ఆ మాట చెప్తోంది, అది 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉంది. ఇళ్ళల్లో పనిచేసే అక్కచెల్లెళ్ళకు వేరే చట్టం, 2022 నాటి 9వ నంబరు. అందులోనూ వారానికో రోజు సెలవుంది. ఇక పబ్లిక్ బీచ్ పబ్లిక్‌దే. హోటల్ బీచ్‌కైతే డబ్బు కట్టాలి, అది వేరే సంగతి. కొన్ని పార్కులకు ఆడవాళ్ళకే అని కేటాయించిన రోజులుంటాయి, అది మాత్రం ముందు కనుక్కోండి.

డబ్బుల సంగతి ఇప్పుడు. టూరిస్టులకు చెప్పే పారాసెయిలింగ్, యాట్ పార్టీ, జెట్ స్కీ, అవన్నీ ఇక్కడ వదిలేస్తున్నా. పద్నాలుగేళ్ళుగా ఇక్కడుంటూ నేను తిరిగిన చోట్లలో, మన జేబుకు అందేవి, మనకు ఏదో ఒక రకంగా సంబంధం ఉన్నవి మాత్రమే చెప్తాను.

ఒక్క దిర్హామ్ పడవ

దుబాయ్ క్రీక్‌లో అబ్రా ఎక్కండి. డేరా వైపు నుంచి బర్ దుబాయ్ వైపుకు పాత చెక్క పడవలో ఐదు నిమిషాల ప్రయాణం. టికెట్ ఒక్క దిర్హామ్, నడిపేవాడి చేతికే ఇస్తాం. సాయంత్రం పూట ఎక్కితే గాలి, నీళ్ళ మీద దీపాలు, రెండూ దొరుకుతాయి.

దిగాక వెంటనే వెనక్కి రాకండి. డేరా వైపు ఒడ్డున సరుకు పడవలు, ధోలు, వరసగా కట్టేసి ఉంటాయి. ఫ్రిజ్‌లు, టైర్లు, బియ్యం బస్తాలు ఎక్కించుకుని ఇరాన్‌కో సోమాలియాకో పోతాయి. ఈ పడవల మీద పనిచేసేవాళ్ళలో గుజరాత్‌లోని కచ్ వైపు వాళ్ళు తరాలుగా ఉన్నారు. అక్కడ మాండ్విలో ఇలాంటి చెక్క ఓడలు ఇప్పటికీ కడతారు. హిందీలో పలకరించండి, మాట కలుపుతారు.

ఇంకో సంగతి. ఒకప్పుడు ఈ ఒడ్డున మన రూపాయే చెల్లేది. 1959లో రిజర్వ్ బ్యాంకు ఈ గల్ఫ్ దేశాల కోసం వేరే రంగులో 'గల్ఫ్ రూపాయి' నోట్లు కూడా అచ్చువేసింది. 1966 దాకా ఇక్కడ అవే నడిచాయి. దిర్హామ్ వచ్చింది 1973లో. ఇంటికి పంపేటప్పుడు దిర్హామ్‌కు ఎంత వస్తోందని రోజూ రేటు చూసుకునే మనకు ఇది తెలిసి ఉండాలి.

ముత్యాల ఊరు, అప్పుల ఊరు

నన్నడిగితే అన్నిటికన్నా ముందు చూడాల్సింది రస్ అల్ ఖైమాలోని జజీరత్ అల్ హమ్రా. ఇది ఖాళీ అయిపోయిన ఊరు. సముద్రంలోంచి తీసిన పగడపు రాళ్ళతో కట్టిన ఇళ్ళు, మసీదు, చిన్న చిన్న సందులు. ఇక్కడి జఆబ్ తెగవాళ్ళు 1968లో ఊరొదిలి అబుధాబి వెళ్ళిపోయారు. ఇప్పుడు కొన్ని ఇళ్ళను బాగుచేశారు, కొన్ని అలాగే ఉన్నాయి. గోడ దగ్గరికెళ్ళి చూస్తే రాయిలో పగడపు గళ్ళు కనిపిస్తాయి.

ఊరంతా బతికింది ముత్యాల మీద. ముత్యాల సీజన్ జూన్ నుంచి సెప్టెంబర్ దాకా, నీళ్ళు వేడిగా ఉండే నాలుగు నెలలు. ఇప్పుడు మనకు జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని ఆపేస్తారు కదా, దాదాపు అవే నెలలు. మునిగేవాడు ముక్కుకు 'ఫితామ్' అనే క్లిప్పు పెట్టుకునేవాడు. కాలికి రాయి, మెడలో బుట్ట. రాయి బరువుకు అడుగుకు దిగి, ఊపిరి బిగబట్టినంతసేపు చిప్పలు ఏరుకుని తాడు కదిపితే, పైన పడవలో ఉన్న మనిషి లాగేవాడు. రోజుకు పదుల సార్లు ఇదే పని. పొద్దున ఖర్జూరం, కాఫీ. కడుపునిండా తిండి రాత్రికే.

వీళ్ళకు నెల జీతం లేదు. ముత్యాలు అమ్మగా వచ్చినదాంట్లో వాటా. సీజన్‌కు ముందే ఇంటి ఖర్చులకని పడవ పెద్ద, అంటే నఖోదా దగ్గర అడ్వాన్సు తీసుకునేవాళ్ళు. చిప్పల్లో ముత్యాలు దొరక్కపోతే అప్పు తీరేది కాదు. అది వచ్చే ఏడాదికి ఎక్కేది. అప్పు ఉన్నంతకాలం ఇంకో పడవకు మారే వీలుండేది కాదు. తండ్రి పోతే కొడుకు మీద పడేది. కొంతమందినైతే ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చి ఈ పనిలో పెట్టారు.

ఇక్కడ నిలబడి ఈ సంగతి చెప్తే నాతో వచ్చిన ఆర్మూర్ తమ్ముడొకడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "నేను ఏజెంటుకు కట్టిన అప్పుకు వడ్డీ ఇంకా నడుస్తనే ఉందన్నా" అన్నాడు. అందుకే ఈ మాట రాస్తున్నా: ఇప్పటి చట్టం ప్రకారం రిక్రూట్‌మెంట్ ఖర్చు కంపెనీ భరించాలి, మన దగ్గర వసూలు చెయ్యకూడదు. పాస్‌పోర్టు దాచిపెట్టుకోకూడదు. ఇబ్బంది ఉంటే కార్మిక శాఖ సలహా నంబరు 80084కు, మన కాన్సులేట్ సహాయ కేంద్రం టోల్ ఫ్రీ 80046342కు ఫోన్ చెయ్యండి.

ఆ ముత్యాలు ఎక్కడికి పోయేవో తెలుసా? ఎక్కువగా బొంబాయికి. హైదరాబాద్‌లో పాతవాళ్ళు 'బస్రా ముత్యాలు' అనేవి ఈ గల్ఫ్ నీళ్ళలోవే. బస్రా రేవు మీదుగా వ్యాపారం జరిగేది కాబట్టి ఆ పేరు వచ్చింది. నిజాం నగల్లో ఏడు వరసల బస్రా ముత్యాల హారం 'సత్లడా' ఉంది. 1930ల్లో జపాన్ వాళ్ళ పెంపుడు ముత్యాలు మార్కెట్‌ను ముంచెత్తడం, అప్పుడే ప్రపంచమంతా మాంద్యం రావడంతో ఇక్కడి వ్యాపారం కూలిపోయింది. నూనె దొరికేదాకా ఈ తీరంలో జనం ఆకలి చూశారు.

బస్సులో పోవడం కాస్త కష్టం. నలుగురు కలిసి కారు మాట్లాడుకుంటే తలా కొంత పడుతుంది. ఎండాకాలం వద్దు.

సూర్యుడు సముద్రంలోంచి లేచే వైపు

దుబాయ్, షార్జా, అజ్మాన్ బీచ్‌లలో సూర్యుడు సముద్రంలోకి దిగుతాడు. మన వైజాగ్‌లోనో, బాపట్ల సూర్యలంకలోనో లాగా సముద్రంలోంచి లేవాలంటే తూర్పు తీరానికి పోవాలి: ఫుజైరా, ఖోర్ ఫక్కాన్, కల్బా. అది ఒమన్ గల్ఫ్. ఏడు ఎమిరేట్లలో అటువైపు మాత్రమే తీరం ఉన్నది ఫుజైరా ఒక్కటే. ఖోర్ ఫక్కాన్, కల్బా షార్జావే అయినా కొండలకు అవతల ఉంటాయి.

దుబాయ్ యూనియన్ స్టేషన్ నుంచి ఈ700 బస్సు ఫుజైరా పోతుంది. షార్జా జుబైల్ స్టేషన్ నుంచి ఖోర్ ఫక్కాన్‌కు బస్సులున్నాయి. తిరుగు బస్సు ఆఖరిది ఎప్పుడో దిగగానే అడిగి పెట్టుకోండి. కారుంటే 2019లో తెరిచిన షార్జా–ఖోర్ ఫక్కాన్ రోడ్డు మీద పోండి. 89 కిలోమీటర్లు, కొండల్లో ఐదు సొరంగాలు.

అక్కడ మూడు చూడండి.

మొదటిది, ఫుజైరా కార్నిష్ దగ్గర ఎద్దుల పోటీ. చలికాలంలో శుక్రవారం సాయంత్రం, సుమారు నాలుగింటి నుంచి. టికెట్ లేదు. కత్తి పట్టుకున్న మనిషి ఉండడు. మూపురం ఉన్న రెండు ఎద్దులు తలలు ఆనించి తోసుకుంటాయి. వెనక్కి తిరిగి పారిపోయింది ఓడినట్టు. గెలిచిన ఎద్దుకు ధర పెరుగుతుంది, యజమానికి పరువు పెరుగుతుంది. సంక్రాంతికి బండలాగుడు పోటీలు చూసినవాళ్ళకు ఆ ధూళి, ఆ కేకలు కొత్తగా ఉండవు. ఒకసారి నాతో వచ్చిన ఒంగోలు అన్న పోటీ చూడ్డం మానేసి, ఎద్దుల మూపురాలూ కాళ్ళూ చూస్తూ ధర కట్టాడు! కంచెకు ఇవతలే నిలబడండి, ఓడిన ఎద్దు ఎటైనా పరిగెడుతుంది.

రెండోది, ఖోర్ కల్బా మడ అడవి. కాకినాడ దగ్గర కోరింగ చూసినవాళ్ళకు ఇది చిన్నగా అనిపిస్తుంది. కానీ యూఏఈలో ఇక్కడ మాత్రమే గూడు పెట్టే లకుముకి పిట్ట ఒకటుంది. ఈ ఊరి పేరే దానికి శాస్త్రీయ నామంలో పెట్టారు, 'కల్బాయెన్సిస్' అని.

మూడోది, ఖోర్ ఫక్కాన్ నుంచి దిబ్బా పోయే దారిలో అల్ బిద్యా మసీదు. సుమారు 1446లో కట్టిందని అంచనా. మట్టి, రాయి, నాలుగు చిన్న గుమ్మటాలు, లోపల అన్నీ మోసే ఒకే ఒక్క స్తంభం. భుజాలు, మోకాళ్ళు కప్పుకుని వెళ్ళండి. నమాజు వేళల్లో బయట ఆగండి.

నెల్లూరు పక్షులు దుబాయ్‌లో

సూళ్ళూరుపేట ఫ్లెమింగో పండుగ గుర్తుందా? పులికాట్‌కు వచ్చే ఆ జాతి పక్షులే దుబాయ్ నడిమధ్యలో, రస్ అల్ ఖోర్‌లో చలికాలం వందల్లో నిలబడి ఉంటాయి. వెనకాల చూస్తే బుర్జ్ ఖలీఫా. లోపలికి ఉచితం. చెక్క గదుల్లోంచి చూడాలి, గట్టిగా మాట్లాడకూడదు. తెరిచే రోజులు, వేళలు చూసుకుని వెళ్ళండి.

వంజరం ఇక్కడ కన్‌అద్

డేరాలోని వాటర్‌ఫ్రంట్ మార్కెట్‌లోనో, షార్జా సూక్ అల్ జుబైల్‌లోనో ఒక గంట తిరగండి. కొనకపోయినా చూడొచ్చు. మన వంజరాన్ని ఇక్కడ కన్‌అద్ అంటారు. చందువ జుబైదీ, రొయ్యలు రుబియాన్. నలుగురూ కలిసి ఒక చేప కొని, అక్కడే శుభ్రం చేయించుకుని రూముకు తెచ్చుకుంటే ఆ రాత్రి పులుసు సంగతి నేను చెప్పక్కర్లేదు.

నీళ్ళలో దిగే ముందు

ఇది జాగ్రత్తగా చదవండి. బావిలో, చెరువులో ఈత వచ్చినంత మాత్రాన సముద్రం వచ్చినట్టు కాదు. బావిలో నీళ్ళు కదలవు. సముద్రంలో కెరటం విరిగి వెనక్కి పోయే చోట ఒక ప్రవాహం ఉంటుంది, అది మనిషిని లోపలికి లాక్కుపోతుంది. తూర్పు తీరంలో ఇది ఎక్కువ జాగ్రత్త పడాల్సిన విషయం. దాంట్లో పడితే ఒడ్డు వైపు ఎదురీదొద్దు, అలసిపోతారు. తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది ప్రవాహం దాటాక అప్పుడు ఒడ్డుకు రండి. చెయ్యెత్తి కేకెయ్యండి.

ఎర్ర జెండా ఉంటే దిగొద్దు. ఊదా రంగు జెండా అంటే జెల్లీఫిష్ లాంటివి ఉన్నాయని. లైఫ్‌గార్డు లేని చోట మోకాలి లోతు దాటొద్దు. డ్యూటీ అయ్యాక రాత్రి మాత్రమే వీలయ్యేవాళ్ళకు దుబాయ్‌లో 2023 నుంచి రాత్రి ఈతకు ప్రత్యేక బీచ్‌లున్నాయి: జుమేరా 2, జుమేరా 3, ఉమ్ సుకీమ్ 1. లైట్లు, లైఫ్‌గార్డులు ఉంటారు. చీకట్లో ఇంకెక్కడా దిగకండి. కోస్ట్‌గార్డు నంబరు 996, పోలీసు 999, అంబులెన్సు 998.

మరికొన్ని. ఎమిరేట్స్ ఐడీ జేబులో ఉండాలి. వేరేవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు పడేలా ఫోటో, వీడియో తియ్యొద్దు. అడక్కుండా తీస్తే ఇక్కడ చట్టప్రకారం నేరం. లుంగీతో, లోదుస్తులతో నీళ్ళలో దిగొద్దు, ఈత నిక్కరు వేసుకోండి. బీచ్‌లో మందు తాగొద్దు. గాలం వెయ్యాలంటే పర్మిట్ కావాలి. చెత్త వేస్తే ఫైన్.

ఇంట్లోవాళ్ళకు వీడియో కాల్ మాత్రం చెయ్యండి, కెమెరా నీళ్ళ వైపు తిప్పి. మన పిల్లలకు మన క్యాంపు, మన సైటు మాత్రమే తెలుసు. మనం ఉన్న దేశానికి ఒక సముద్రం కూడా ఉందని తెలియనివ్వండి.

మీరు వెళ్ళిన చోటు ఏదైనా ఇందులో లేకపోతే వాయిస్ మెసేజ్ పంపండి. ఎలా వెళ్ళాలో, ఎంతయిందో కూడా చెప్పండి. వచ్చే ఎపిసోడ్ చివర్లో వినిపిస్తాం.