బాదం మేలే... మితిమీరితే చేటు
రంజాన్‌లో సహరీకి నానబెట్టిన బాదం, పండుగనాడు షీర్ ఖుర్మాలో బాదం! బలమని గుప్పిళ్ల కొద్దీ తినే ఇళ్లెన్నో. రోజుకు 28 గ్రాములు, అంటే సుమారు 23 పప్పులు చాలు. వాటిలోనే 160 కేలరీలకు పైగా శక్తి, 14 గ్రాముల కొవ్వు ఉంటాయి. అదేపనిగా తింటే బరువు పెరుగుతుంది, కడుపు ఉబ్బుతుంది.

బాదంలోని ఆక్సలేట్లు కొందరికి మూత్రపిండాల్లో రాళ్లు తెస్తాయి. ఇదివరకే రాళ్లు వచ్చిన రోజాదారులు డాక్టరును అడిగి తినాలి. ఇఫ్తార్ తరువాత నీరు బాగా తాగాలి. చేదు బాదంలో సైనైడ్ విషం పుడుతుంది, నోట పడగానే ఉమ్మేయాలి. పసిపిల్లలకు పప్పు గొంతుకు అడ్డం పడవచ్చు, పొడి చేసి పెట్టాలి.

తినడంలో మితిమీరవద్దని దివ్య ఖుర్‌ఆన్‌లోని ఆరాఫ్ సూరా హెచ్చరిస్తోంది. బలానికి తినేదానికీ ఆ హద్దు వర్తిస్తుంది.