కాగితం గ్లాసుకు కులం ఉందా? అమెరికా ఫాస్ట్‌ఫుడ్ చరిత్ర నుంచి మనం నేర్చుకోవాల్సింది

మన ప్రాంతంలో ఫాస్ట్‌ఫుడ్ అంటే రెండు అర్థాలున్నాయి. ఏర్పేడు, శ్రీకాళహస్తి, రేణిగుంట లాంటి చోట్ల సాయంత్రమైతే రోడ్డు పక్కన పెద్ద మంట మీద ఫ్రైడ్ రైస్, నూడుల్స్ వేయించే బండి ఒకటి. తిరుపతిలో ఏసీ వేసి, అద్దాలు పెట్టి నడిపే కేఎఫ్‌సీ, డొమినోస్ లాంటి అమెరికా బ్రాండ్ల షాపు రెండోది. ఏర్పేడు మండలంలో ఇప్పుడు ఐఐటీ, ఐసర్ రెండూ ఉన్నాయి. అక్కడ చదివే వాళ్లలో దళితవాడల నుంచి వచ్చిన పిల్లలూ ఉన్నారు. ఆ అద్దాల షాపుల గురించి విద్యార్థుల దగ్గర మేము తరచుగా వినే మాట ఒకటుంది: "అక్కడ డబ్బులిస్తే చాలు, కులం ఎవరూ అడగరు."

ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం, అలాగని పూర్తిగా నమ్మనూ లేం. ఆ షాపుల్లో కులం ఎందుకు అడగరో, ఎక్కడ అడక్కుండానే పాటిస్తారో తెలియాలంటే ఆ కంపెనీలు ఎలా పుట్టాయో, ఎలా పెరిగాయో, మన దేశానికి వచ్చి ఎవరి ముందు తల వంచాయో చూడాలి.

హోటల్ ఎందుకు హక్కుల సమస్య

బాబాసాహెబ్ అంబేడ్కర్ 1913 నుంచి 1916 దాకా న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివారు. 1917లో బరోడాలో ఉద్యోగానికి వచ్చేసరికి ఆయనకు తల దాచుకోవడానికి చోటు దొరకలేదు. పార్శీల సత్రంలో పేరు దాచుకుని ఉండాల్సి వచ్చింది. విషయం బయటపడగానే కర్రలతో వచ్చి ఖాళీ చేయించారు. చదువు, ఉద్యోగం రెండూ ఉన్నా పడుకునే చోటు, తినే చోటు దగ్గర కులం అడ్డొచ్చింది.

ఈ ప్రాంతం 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో భాగం. ఆ రాష్ట్రంలో రైల్వే స్టేషన్ల భోజనశాలల్లో బ్రాహ్మణులకు వేరే గది ఉండేది. ఆత్మగౌరవ ఉద్యమం దాని మీద పోరాడింది. పల్లెల్లో అయితే గది దాకా పోనవసరం లేదు, గ్లాసు చాలు. టీ హోటల్లో ఊరి వాళ్లకు ఒక గ్లాసు, వాడ వాళ్లకు ఇంకో గ్లాసు. తాగినాక మన గ్లాసు మనమే కడిగి పక్కన పెట్టాలి. రెండు గ్లాసుల పద్ధతి అని దీనికి పేరు కూడా ఉంది.

అందుకే రాజ్యాంగం 15(2) అధికరణం షాపులు, హోటళ్లలోకి ప్రవేశాన్ని విడిగా ప్రస్తావించింది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం హోటళ్లలో వాడే పాత్రల గురించి కూడా చెప్పింది. ఎందుకంటే అంటరానితనం ఎక్కువగా కనిపించేది పాత్ర దగ్గరే.

ప్లేటు పోయి కాగితం వచ్చింది

అమెరికాలో 1921లో కన్సాస్ రాష్ట్రం విచిటా పట్టణంలో వైట్ క్యాజిల్ అనే షాపు మొదలైంది. 5 సెంట్లకు ఒక చిన్న బర్గర్ అమ్మేది. ఒకే రకం భవనం, ఒకే రకం వంట, ఒకే ధర. ఎక్కడికెళ్లినా అదే రుచి అనే ఆలోచనను జనంలోకి తీసుకెళ్లింది ఇదే.

దాన్ని ఫ్యాక్టరీగా మార్చింది మాత్రం మెక్‌డొనాల్డ్ అన్నదమ్ములు రిచర్డ్, మారిస్. కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో 1940లో వాళ్లు హోటల్ పెట్టారు. కార్ల దగ్గరికి అమ్మాయిలు ట్రేలు పట్టుకొచ్చే పద్ధతి అది. 1948లో దాన్ని మూసి, మార్చి, మళ్లీ తెరిచారు. వడ్డించే వాళ్లను తీసేశారు. పింగాణీ ప్లేట్లు, చెంచాలు, ఫోర్కులు తీసేశారు. మెనూని 9 రకాలకు తగ్గించారు. ఒకరు మాంసం కాలుస్తారు, ఒకరు చుడతారు, ఒకరు వేపుడు చూస్తారు. వచ్చినవాళ్లు కిటికీ దగ్గర నిలబడి, 15 సెంట్లు ఇచ్చి, కాగితంలో చుట్టిన బర్గర్ తీసుకుని పోవాలి.

ఇందులో సమానత్వం గురించిన ఆలోచన ఏమీ లేదు. ఉన్నది కూలీ ఖర్చు, సమయం. వంట తెలిసినవాడికి ఎక్కువ జీతం ఇవ్వాలి. పనిని ముక్కలు చేస్తే ఎవరినైనా రెండు రోజుల్లో నేర్పి పెట్టుకోవచ్చు, తీసేయవచ్చు. ప్లేటు లేకపోతే కడిగేవాడూ అక్కర్లేదు. అయినా మనకు పనికొచ్చే సంగతి ఒకటి ఇక్కడుంది: ఎవరి ప్లేటు ఎవరు కడగాలి అనే ప్రశ్నే ఆ షాపులో మిగల్లేదు.

1955లో రే క్రాక్ ఇల్లినాయిస్ రాష్ట్రంలో డెస్ ప్లెయిన్స్ దగ్గర తన మొదటి మెక్‌డొనాల్డ్స్ షాపు తెరిచాడు. 1961లో అన్నదమ్ములకు 27 లక్షల డాలర్లిచ్చి కంపెనీ మొత్తం కొనేశాడు. అంతకుముందే 1952లో కెంటకీకి చెందిన హార్లండ్ శాండర్స్ తన కోడి వేపుడు పద్ధతిని సాల్ట్ లేక్ సిటీలోని ఒక హోటల్ యజమానికి ఇచ్చాడు. కేఎఫ్‌సీ అలా మొదలైంది. 1956 చట్టంతో అమెరికా అంతా పెద్ద హైవేలు పడ్డాయి. హైవే దిగే ప్రతి చోటా ఈ షాపులు మొలిచాయి.

పెట్టుబడి అంతా కంపెనీ పెట్టదు. పేరు, పద్ధతి కంపెనీది. షాపు పెట్టేవాడు ఫీజు, అమ్మకాల్లో వాటా కట్టాలి. దీన్నే ఫ్రాంచైజీ అంటారు. మెక్‌డొనాల్డ్స్ ఇంకో అడుగు ముందుకేసి స్థలాన్ని తన చేతిలో పెట్టుకుని అద్దెకిచ్చింది. షాపు నష్టపోయినా అద్దె ఆగదు.

కౌంటర్ తెరుచుకోలేదు, తెరిపించారు

ఇంత ఆధునికమైన షాపులోకి నల్లజాతి వాళ్లను మామూలుగా రానిచ్చారా అంటే, దక్షిణాది రాష్ట్రాల్లో రానివ్వలేదు. 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు వూల్‌వర్త్ దుకాణంలోని భోజన కౌంటర్ దగ్గర కూర్చున్నారు. వడ్డించం అన్నా లేవలేదు. ఆ నిరసన నెలల్లోనే పదుల పట్టణాలకు పాకింది. 1963లో ఆర్కన్సాస్ రాష్ట్రం పైన్ బ్లఫ్ పట్టణంలో మెక్‌డొనాల్డ్స్ షాపు ముందే విద్యార్థులు నిరసనకు దిగారు. కాగితంలో చుట్టి ఇచ్చే షాపు కూడా జాతి వివక్ష పాటించిందని దీన్నిబట్టి తెలుస్తుంది.

1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. హోటళ్లలో వివక్ష చట్టవిరుద్ధమైంది. అలబామాలోని ఓలీస్ బార్బెక్యూ అనే హోటల్ యజమాని కోర్టుకు వెళ్లి, నా హోటల్ నా ఇష్టం అన్నాడు. నీ మాంసం వేరే రాష్ట్రం నుంచి వస్తోంది కాబట్టి నీ వ్యాపారం మీద దేశ చట్టం నడుస్తుందని సుప్రీంకోర్టు అదే ఏడాది తేల్చింది.

1968లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య తర్వాత పట్టణాలు అట్టుడికాయి. తెల్ల యజమానులు నల్లవాడల్లోని షాపులు వదిలేసి పోతున్నారు. ఆ ఏడాది డిసెంబర్‌లో హెర్మన్ పెటీ షికాగోలో మెక్‌డొనాల్డ్స్ తొలి నల్లజాతి ఫ్రాంచైజీ యజమాని అయ్యాడు. 1969లో క్లీవ్‌లాండ్‌లో నల్లజాతి సంఘాలు మెక్‌డొనాల్డ్స్‌ను బహిష్కరించి, మా వాడల్లో షాపులకు మేమే యజమానులం కావాలని పట్టుబట్టాయి. అక్కడ వాళ్ల డిమాండ్ తినే హక్కు దగ్గర ఆగలేదు, ఆస్తి హక్కు దాకా పోయింది.

అది గెలుపే కానీ పూర్తి గెలుపు కాదు. లాభం తక్కువ వచ్చే, ఖర్చు ఎక్కువయ్యే చోట్లనే తమకు అంటగట్టారని ఆరోపిస్తూ 2020లో 52 మంది నల్లజాతి మాజీ ఫ్రాంచైజీదారులు మెక్‌డొనాల్డ్స్ మీద దావా వేశారు. ఈ మొత్తం చరిత్రను మార్సియా షాట్‌లెన్ 'ఫ్రాంచైజ్' అనే పుస్తకంలో రాశారు. 2021లో దానికి చరిత్ర విభాగంలో పులిట్జర్ బహుమతి వచ్చింది. మన కార్యకర్తలు చదవాల్సిన పుస్తకం.

మన దేశంలో ఎవరి మెనూ

ఇక మన సంగతి. 1995లో బెంగళూరులో కేఎఫ్‌సీ మొదటి షాపు తెరిచింది. అప్పుడు దాని యజమాని పెప్సీకో. ఆ పెప్సీకో తర్వాత కేఎఫ్‌సీని వదులుకుంది కానీ, మన జిల్లాలోని శ్రీసిటీలో 2015లో పానీయాల ఫ్యాక్టరీ పెట్టింది. 1996 జనవరిలో కర్ణాటక రైతు సంఘం వాళ్లు ఆ బెంగళూరు షాపు మీద దాడి చేశారు. అదే ఏడాది డొమినోస్, మెక్‌డొనాల్డ్స్ ఢిల్లీలో అడుగుపెట్టాయి.

మెక్‌డొనాల్డ్స్ ప్రపంచమంతా పెరిగింది పెద్దకూర బర్గర్ మీద. ఇక్కడికి రాగానే పెద్దకూర తీసేసింది, పంది మాంసమూ తీసేసింది. శాకాహారానికి వేరే వంటగది, వేరే సామాను, వేరే పనివాళ్లు పెట్టింది. అహ్మదాబాద్‌లో పిజ్జా హట్ పూర్తి శాకాహార షాపు పెట్టింది. 2012లో మెక్‌డొనాల్డ్స్ కట్రా, అమృత్‌సర్ పుణ్యక్షేత్రాల్లో శాకాహార షాపులు పెడతామని ప్రకటించింది. 2001లో అమెరికాలో బంగాళాదుంప వేపుళ్లలో పెద్దకూర రుచి కలిపారని కేసు పడితే, 2002లో శాకాహార, హిందూ సంస్థలు తదితరులకు కోటి డాలర్లు ఇచ్చి రాజీ పడింది.

శాకాహారులకు నిజం చెప్పి అమ్మాలనడంలో తప్పులేదు. ఎవరి తిండికి వాళ్లకు గౌరవం దక్కాలి. మా ప్రశ్న వేరే. ఆంధ్రప్రదేశ్‌లో 1977 చట్టం ఆవు వధను నిషేధించింది. దున్న, గేదె మాంసం మీద అలాంటి పూర్తి నిషేధం లేదు, ధ్రువపత్రం ఉంటే వధించవచ్చు. ప్రపంచంలో గేదె మాంసం ఎక్కువగా ఎగుమతి చేసే దేశాల్లో మనదొకటి. మాల, మాదిగ వాడల్లో, ముస్లిం, క్రైస్తవ ఇళ్లలో తరతరాలుగా తినే కూర అది. కోట్ల మంది తినే ఆ కూర మెనూలో లేకుండా పోయింది. 2012లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు పెద్దకూర పండగ జరిపితే దాని మీద దాడి జరిగింది. కౌంటర్ ముందు కులం అడగని కంపెనీ, వంటగదిలో ఎవరి ఆచారం నడవాలో ముందే తేల్చుకుంది.

యజమానుల సంగతి చూసినా అంతే. మన దేశంలో ఈ బ్రాండ్ల హక్కులు జూబిలెంట్, దేవయాని, వెస్ట్‌లైఫ్ లాంటి పెద్ద కంపెనీల దగ్గర ఉన్నాయి. అమెరికాలో లాగా ఒక వాడ మనిషి ఒక షాపు తీసుకుని నడిపే దారి ఇక్కడ చాలా ఇరుకు. ప్రైవేటు ఉద్యోగాల్లో రిజర్వేషన్ లేదు. మనవాళ్లు ఎక్కువగా చేరగలిగేది కౌంటర్ వెనక, డెలివరీ బండి మీద.

మార్కెట్ కులాన్ని చంపుతుందా

చంపుతుందని చెప్పేవాళ్లు దళితుల్లోనే ఉన్నారు. చంద్రభాన్ ప్రసాద్, దేవేశ్ కపూర్ తదితరులు ఉత్తరప్రదేశ్‌లో రెండు బ్లాకుల్లో సర్వే చేసి 2010లో ఫలితాలు ప్రచురించారు. 1990 తర్వాత దళితుల తిండి, బట్ట మారాయని, పెళ్లి విందుల్లో వేరుగా కూర్చోబెట్టడం బాగా తగ్గిందని చెప్పారు. ఈ మార్పు నిజం, దాన్ని తక్కువ చేయకూడదు.

కానీ సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనం ఇంకో సంగతి చెప్పింది. ఒకే చదువు ఉన్న దరఖాస్తులను వేర్వేరు కులాల పేర్లతో ప్రైవేటు కంపెనీలకు పంపితే, దళిత పేరున్నవాటికి పిలుపులు తక్కువ వచ్చాయి. కొనుక్కునేటప్పుడు అడగని కులం ఉద్యోగం అడిగినప్పుడు అడ్డొచ్చింది.

మన రాష్ట్రంలో చుండూరును మరిచిపోలేం. 1991లో సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీటులోని అగ్రకుల యువకుడికి తగలడంతో గొడవ రాజుకుంది. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపేదాకా పోయింది. సినిమా టికెట్టుకూ కులం లేదు. డబ్బిచ్చి కొన్న సీటు, ఆ సీటులో కూర్చున్న మనిషిని కాపాడలేదు.

ఇప్పుడు కాగితం గ్లాసు దగ్గరికి వద్దాం. తిరుపతి షాపులో అందరికీ కాగితం గ్లాసే. కొన్ని పల్లె టీ హోటళ్లలో మాత్రం ఊరి వాళ్లకు గాజు గ్లాసో స్టీలు గ్లాసో, వాడ వాళ్లకు తాగి పారేసే గ్లాసు. రెండు గ్లాసుల పద్ధతి పోలేదు, వేషం మార్చింది. గ్లాసు ఒకటే, అర్థం వేరు. కాబట్టి గ్లాసును కాదు, అది ఎవరికి ఇస్తున్నారు, ఎవరికి ఇవ్వడం లేదు అన్నది చూడాలి.

క్యాంపస్‌లోనూ, ఊళ్లోనూ

విద్యార్థులు తమ మెస్‌లలో కూడా ఇదే కొలత వాడాలి. 2018లో ఐఐటీ మద్రాసులో ఒక మెస్ దగ్గర శాకాహారులకు వేరే ద్వారం, వేరే చేతులు కడుక్కునే చోటు అని కాగితాలు అంటిస్తే అంబేడ్కర్ పెరియార్ స్టడీ సర్కిల్ బయటపెట్టింది, కాగితాలు తీసేశారు. 2023లో ఐఐటీ బొంబాయిలో శాకాహారుల బల్ల దగ్గర నిరసన తెలిపిన విద్యార్థికి 10,000 రూపాయల జరిమానా వేశారు. వేరే కూర ఉండడం ఎంపిక. వేరే తలుపు, వేరే నీళ్లు, వేరే బల్ల పెట్టడం మనిషిని వేరు చేయడం.

పల్లెల్లో పనిచేసే కార్యకర్తలకు చట్టం చేతిలో ఉంది. అందరికీ తెరిచిన షాపులో, హోటల్లో ప్రవేశాన్ని గానీ, అందరి కోసం ఉంచిన పాత్రల వాడకాన్ని గానీ అడ్డుకోవడం ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 2015 సవరణ తర్వాత నేరం. రెండు రకాల గ్లాసులూ కనిపించేలా ఫోటో, తేదీ, సమయం, ఇద్దరు సాక్షులు దగ్గర పెట్టుకోవాలి. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి ఎఫ్‌ఐఆర్ నకలు అడగాలి. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే 14566 జాతీయ హెల్ప్‌లైన్‌కు చెప్పాలి.

అమెరికాలో కౌంటర్ ముందు కూర్చున్న విద్యార్థులు కంపెనీ మంచితనం కోసం ఎదురుచూడలేదు. తినే చోటు గెలిచాక యజమాని ఎవరని అడిగారు. కూలీ ఎంతని కూడా ఆ షాపుల కార్మికులు అడిగారు. 2012లో న్యూయార్క్ ఫాస్ట్‌ఫుడ్ కార్మికులు మొదలుపెట్టిన సమ్మెల దారిలోనే, 2024 ఏప్రిల్ నుంచి కాలిఫోర్నియాలో వాళ్ల కనీస వేతనం గంటకు 20 డాలర్లయింది. మన దగ్గర కూడా కౌంటర్ ముందు నిలబడే హక్కుతో పాటు, వంటగదిలో ఏం వండాలి, గల్లాపెట్టె ఎవరిది, కౌంటర్ వెనక నిలబడిన మన పిల్లకు నెలకెంత అనే మూడు ప్రశ్నలూ అడగాల్సినవే.