పేరును కొంటున్నామా, టీవీని కొంటున్నామా?

కొత్త టీవీ కొనదలచిన ఇంట మొదట తలెత్తే ప్రశ్న "ఏ కంపెనీది?" అన్నదే. జగిత్యాల, కోరుట్ల పట్టణాల నడుమనున్న మా మేడిపల్లి ప్రాంతంలో ఈ ప్రశ్న వెనుక తరచుగా గల్ఫ్ ఎండలో చెమటోడ్చిన ఒక తండ్రి సంపాదనో, ఒక అన్న సంపాదనో ఉంటుంది. ఆ కష్టార్జితం అట్టపెట్టె మీది పేరుకు మాత్రమే ధారపోయరాదన్నదే మా విన్నపం.

మా తరం వారికి ఈసీ టీవీ గుర్తుండే ఉంటుంది. 1967లో హైదరాబాదులో నెలకొన్న ఈసీఐఎల్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ దానిని తయారు చేసింది. 1975-76లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా విద్యా కార్యక్రమాలు ప్రసారమైనప్పుడు ఆ పల్లెలకు టీవీలను అందించినదీ ఈ సంస్థే. తరువాత డయనోరా, సాలిడేర్, ఒనిడా, వీడియోకాన్, బీపీఎల్ పేర్లు ఇంటింటా మారుమ్రోగాయి. నేడు అంగళ్లలో వాటి వెలుగు చాలావరకు తగ్గిపోయింది. ఏ పేరూ శాశ్వతం కాదు.

నేటి టీవీలో అన్నిటికన్నా ఖరీదైన భాగం దాని తెర, అనగా ప్యానెల్. వాటిని తయారు చేసే పెద్ద సంస్థలు ప్రపంచంలో కొన్నే. వాటిలో అధికభాగం చైనావి. పరస్పరం పోటీపడే కంపెనీలు సైతం ఒకే చోట ప్యానెళ్లు కొంటాయి. థామ్సన్, కొడాక్, బ్లాపంక్ట్ అన్నవి ఐరోపా, అమెరికాల పాత పేర్లు. మన దేశంలో ఆ మూడు పేర్లతో టీవీలు తెచ్చినది నోయిడాకు చెందిన సూపర్ ప్లాస్ట్రానిక్స్ అనే ఒకే సంస్థ. తోషిబా టీవీ వ్యాపారం 2018లో చైనాకు చెందిన హైసెన్స్ చేతికి వెళ్లింది. షావోమీ పేరుతో వచ్చిన టీవీలు మన తిరుపతిలోని డిక్సన్ కర్మాగారంలోనూ తయారయ్యాయి. ఇందులో మోసమేమీ లేదు. కాకపోతే ఎరిగి కొనాలి.

దైవప్రవక్త (సఅసం) బజారులో ధాన్యపు రాశిలోకి చేయి పెట్టి, అడుగున తడి ఉండటం గమనించి వర్తకుణ్ణి నిలదీసిన సంఘటన మనకు తెలిసినదే. పైకి కనిపించే గింజలను బట్టి తీర్పు చెప్పరాదన్న ఆ పాఠం టీవీ అంగడిలోనూ పనికివస్తుంది.

మరి చేయి ఎక్కడ పెట్టాలి? మొదటిది, సర్వీసు. జగిత్యాలలో గానీ కోరుట్లలో గానీ ఆ కంపెనీ సర్వీసు కేంద్రం ఉన్నదా, మెకానిక్ ఊరికి వస్తాడా, ప్యానెల్‌కు వారంటీ ఎన్నేళ్లు అన్నవి అడగాలి. వారంటీ తీరాక ప్యానెల్ పాడైతే దాని ధర కొత్త టీవీ ధరకు చేరువవుతుంది. రెండవది, బొమ్మ. అంగడిలో ఆడించే మెరుపుల వీడియోను కాక మామూలు వార్తా ఛానెల్‌ను పెట్టించి చూడాలి. మన ఇళ్లలో పదిమంది చాప మీద వరుసగా కూర్చుంటారు కనుక పక్కకు జరిగి కూడా చూడాలి. వీఏ రకం ప్యానెల్‌లో నలుపు చక్కగా ఉంటుంది, కాని పక్కనుండి చూస్తే రంగులు వెలిసిపోతాయి. ఐపీఎస్ రకంలో ఆ ఇబ్బంది తక్కువ. ఒకే కంపెనీలో రెండు రకాలూ ఉండవచ్చు. అందుచేత కంపెనీ పేరుకన్నా మోడల్ నంబరే ముఖ్యం.

గల్ఫ్ నుండి టీవీ తెచ్చే అలవాటు గురించి ఒక మాట. 2013 ఆగస్టు 26 నుండి ఫ్లాట్ టీవీలకు సుంకం లేని సామాను సదుపాయం రద్దయింది. అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో కూడా ముందే తెలుసుకోవాలి. ఇక్కడ 2025 సెప్టెంబరు 22 నుండి 32 అంగుళాలు దాటిన టీవీలపై జీఎస్టీ 28 నుండి 18 శాతానికి తగ్గింది. లెక్క వేసుకున్నాకే సోదరునికి కబురు పంపండి.

"వడ్డీ లేని వాయిదాలు" అన్న బోర్డు మరొక పరీక్ష. 2013లో రిజర్వు బ్యాంకే ఇటువంటి పథకాలను తప్పుపట్టింది. ప్రాసెసింగ్ ఫీజు ముసుగులో వడ్డీ దాగి ఉంటుందని చెప్పింది. నగదు ధర ఎంత, వాయిదాల మొత్తం ఎంత, ఆలస్యమైతే జరిమానా ఎంత అని కాగితం మీద వ్రాయించుకోవాలి. వడ్డీతో ఇంటికి వచ్చిన పెద్ద తెరకన్నా రొక్కంతో కొన్న చిన్న తెర మేలు.

పెళ్లిళ్లలో ఫలానా కంపెనీ టీవీయే కావాలని ఆడపిల్ల తండ్రిపై ఒత్తిడి తెచ్చేవారికి ఏమని చెప్పగలం? ఆ పేరు కోసం ఆయన చేసిన అప్పు, టీవీ పాడైన తరువాత కూడా మిగిలి ఉంటుంది.

చివరగా, బిల్లు తప్పక తీసుకోండి. వివాదం వస్తే 1915కు ఫోను చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో అయిదు లక్షల రూపాయల వరకు కొనుగోలుకు ఫిర్యాదు రుసుమే లేదు. మంచి వస్తువు, న్యాయమైన ధర, పిలిస్తే వచ్చే మెకానిక్: ఈ మూడూ కలిసిన చోట ఏ పేరున్నా అదే మంచి పేరు.